పక్క కుర్చీ

హైమకు ఇది మూడోసారి. ఈసారీ పరీక్ష తప్పితే సోమవారం నుంచి నిజం పేషెంట్లను తెర మీద చూడనివ్వనని ప్రొఫెసర్ ఉదయభాస్కర్ చెప్పేశారు.

రాజమండ్రి ఆస్పత్రిలో చిన్న గది. టీవీ, దాని నెత్తిన కెమెరా. తెర అవతల పెనుగొండ హెల్త్ సెంటర్లో ఇద్దరు. రోగి వేషం నర్సు నాగదుర్గది. పక్క కుర్చీలో భర్త వేషం దక్షిణామూర్తి మాస్టారిది. సైకియాట్రీ పీజీలకు ఈ పరీక్ష పెట్టిన ప్రతిసారీ ఆ వేషం ఆయనదే. ఒకప్పుడు నాటకాలు వేసేవారని పీజీల్లో చెప్పుకుంటారు. ఇప్పటికి తొమ్మిదిమంది ఆయన ముందు బోల్తా పడ్డారు.

"మొగుడి వేషంలో యముడే బాబూ" అన్నాడు తోటి పీజీ శరత్‌చంద్ర, తన వంతు తప్పి బయటికొస్తూ.

కేసు మాత్రం నిజం. రెండేళ్ల కిందట ఒకావిడను ఇలాగే తెర మీద చూశారు. పన్నెండు నిమిషాలు మాట్లాడి, మాత్రలు రాసి, నెల తర్వాత రమ్మన్నారు. తొమ్మిదో రోజున ఆవిడ ప్రాణం తీసుకుంది. తప్పెక్కడ జరిగిందో పట్టుకోవాలి. ఫైల్లో పేర్లున్న చోట తెల్లకాగితం అంటించి ఉంది.

లైను కలిసింది.

"నిద్ర పడుతోందాండీ?"

మాట అవతలికి చేరడానికి రెండు సెకన్లు. నాగదుర్గ తలెత్తబోయింది.

"తొమ్మిదింటికల్లా పడుకుంటుందండి" అన్నారు మాస్టారు.

"అన్నం?"

"ఇద్దరం కలిసే తింటామండి."

"చనిపోవాలని ఎప్పుడైనా..."

"ఛఛ! అవేం మాటలండీ! పొద్దున్నే దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషి."

క్రితం రెండుసార్లూ హైమ ఇక్కడే ఆగిపోయింది. పెద్దాయన. పాఠాలు చెప్పిన మనిషి. అంత మర్యాదగా చెబుతుంటే కాదని ఎలా అంటుంది? రెండుసార్లూ 'చావు ఆలోచనలు లేవు' అని రాసింది.

పది నిమిషాలు అయిపోయాయి. వెనక ప్రొఫెసర్ పెన్ను మూత తీసిన చప్పుడు.

హైమ చూపు నాగదుర్గ చేతుల మీద పడింది. కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది. ప్రతి ప్రశ్నకూ నోరు తెరుస్తోంది. ప్రతిసారీ మాస్టారి జవాబే ముందు పడుతోంది.

"మాస్టారూ, మీరు కాసేపు బయట కూర్చోండి."

"ఎందుకండీ?"

"ఆవిడతో విడిగా మాట్లాడాలి."

"ముప్పై ఏళ్ల కాపురం మాది. నాకు తెలీనిది మీకేం చెబుతుందండీ?"

"అదే నాకూ తెలీదండి. లేవండి."

ఆయన కదల్లేదు. హైమ చూపు దించలేదు. చివరికి కుర్చీ కిర్రుమంది. తలుపు మూసుకుంది.

నాగదుర్గ తలెత్తింది.

"బతకాలని లేదమ్మా. ఆయన ముందు ఎలా చెప్పను?"

ఇక హైమ ఆగలేదు. అడగాల్సినవన్నీ అడిగింది. ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దని, ఈరోజే రాజమండ్రి తెచ్చి చేర్పించాలని రాసింది.

"పాస్" అన్నారు ఉదయభాస్కర్.

అవతల నాగదుర్గ లేచి వెళ్లిపోయింది. మాస్టారు మళ్లీ లోపలికొచ్చారు. ఖాళీ కుర్చీ పక్కన, తన కుర్చీలోనే కూర్చున్నారు.

"నేను వెళ్లాక ఏం చెప్పిందండీ?"

హైమ నవ్వింది. "అదేంటి మాస్టారూ, మీకిచ్చిన కాగితంలో ఉంటుందిగా!"

"అందులో నా మాటలే ఉన్నాయమ్మా."

ఆమె బదులిచ్చేలోపే లైను తెగింది. తెర నల్లబడింది.

ఉదయభాస్కర్ ఫైలు ఆమె ముందుకు తోశారు. "ఇక చూడొచ్చు."

హైమ తెల్లకాగితం పీకింది: రోగి పేరు అమ్మణ్ణి, ఊరు పెనుగొండ, పక్కన కూర్చుని వివరాలు చెప్పినవారు భర్త, రిటైర్డ్ టీచర్ దక్షిణామూర్తి.