ఎదురింటి మిషను చప్పుడు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తను ఇంట్లో కళ్ళు తిరిగి పడిపోతే, పసిబిడ్డ పక్కన గుక్కపట్టి ఏడ్చినా ఎవరూ తలుపు తట్టరని.

నిన్నటి నుంచి ఎదురు ఫ్లాట్‌లో కుట్టుమిషను చప్పుడు లేదు. పాపను చంకనేసుకుని కిందికి పరుగెత్తింది.

"అన్నా, ఎదురింట్లో ఒంటరిగా ఉండే ఆవిడ అలికిడే లేదు. ఒకసారి తలుపు తట్టవా?"

వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మో! ఇళ్ళ జోలికి పోకూడదని నా కాంట్రాక్టులోనే ఉందమ్మా. యాప్‌లో పెట్టండి, సోమవారం ఆఫీసువాళ్ళు చూస్తారు."

"సోమవారం దాకా ఆవిడ ఆగొద్దూ?"

అతను తల గోక్కున్నాడు. "మీరే తట్టండి. నేను చూడలేదనుకుంటాను."

పాప ఏడుపుకు ఆవిడెక్కడ కంప్లైంటు పెడుతుందోనని ఇన్నాళ్ళూ తప్పుకు తిరిగిన గుమ్మం అది. పైకొచ్చి తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది.

చాలాసేపటికి గోడ పట్టుకుని ఆవిడ తలుపు తీసింది. ఒళ్ళు కాలిపోతోంది.

"జ్వరం తల్లీ. నీ బిడ్డ ఏడుపు వినబడుతుంటే, పక్కన మనుషులున్నారులే అని ధైర్యంగా ఉండింది."

"మరి నన్ను పిలవలేదేం అక్కా?"

"ఏమని పిలవను? నీ పేరు తెలీదుగా."

చదవడం అయిందిగా, ఒకసారి లేచి మీ ఎదురింటివాళ్ళు ఎలా ఉన్నారో చూసి రండి. పేరు కూడా అడగండి.