ఇంటి అరబిక్

సింగపూర్ మెట్రో రైల్లో అరబిక్ పాఠం వల్లె వేసుకుంటున్న లోహిత్‌ని చూసి పక్కసీటు పెద్దాయన పకపకా నవ్వాడు.

తెల్లటోపీ, గళ్ళ లుంగీ, నెరిసిన గడ్డం.

"అన్నం తిన్నావా అని మీ అమ్మని కూడా ఇలాగే, వార్తలు చదివినట్టు అడుగుతావా?" అన్నాడు ఇంగ్లిషులో.

"అరబిక్ నేర్చుకుంటున్నా అంకుల్."

"అది బడి అరబిక్. ఇంటి అరబిక్ నేను చెప్తా, విను. మాది హద్రమీ. తాతలు యెమెన్ నుంచి తెచ్చుకున్న మాట."

లోహిత్‌కి ముచ్చటేసింది. హాస్టల్లో నవ్వుతారని తన పాలమూరు యాసని దాచేసుకున్నవాడు మరి.

ఇక రోజూ సాయంత్రం, క్లాసు అయ్యేసరికి పెద్దాయన ఆ పక్కనే ఉన్న బూగీస్ స్టేషన్లో సిద్ధం. లోహిత్ ఉండే జురాంగ్ వెస్ట్ దాకా ఒకటే కబుర్లు. రైల్లో తినకూడదు కాబట్టి, దిగాక చేతిలో ఓ ఖర్జూరం పెట్టేవాడు.

ఓ రోజు క్లాసులో లోహిత్ నోట హద్రమీ దొర్లింది. టీచర్ సల్మా మొహం మాడ్చుకుంది.

"ఆ మోటు మాట ఎక్కడ పట్టావ్? నాలుక్కి అంటుకుందంటే పరీక్ష తప్పుతావు!"

కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులే. కానీ ఈ అరబిక్ పరీక్ష తప్పితే లోహిత్‌కి కంపెనీలో గల్ఫ్ ప్రాజెక్టు రాదు. అది రాకపోతే సింగపూర్‌లో పనిచేసే పర్మిట్ ఉండదు. ఇంట్లో ఉద్యోగం చేసేది తనొక్కడే.

"ఏమీ అనుకోకండి అంకుల్. పరీక్షయ్యేదాకా నాతో అరబిక్ మాట్లాడకండి," అన్నాడు ఆ సాయంత్రం.

పెద్దాయన వెంటనే సింగపూర్ ఇంగ్లిషులోకి మారిపోయాడు.

"ఓకే లా. ముందు నీ ఉద్యోగం."

దిగాక ఖర్జూరం మాత్రం మరిచిపోలేదు.

మర్నాటినుంచి కనపడలేదు.

లోహిత్ పాసయ్యాడు. మిఠాయి పెట్టె పట్టుకుని టీచర్ దగ్గరికి పరిగెత్తాడు.

"మీరు హెచ్చరించబట్టి గట్టెక్కాను మేడమ్. రైల్లో మా జురాంగ్ అంకుల్ ఒకాయన నాకు హద్రమీ అంటించేశారు. పాపం, మంచాయన. వెతికి పట్టుకుని ఆయనకీ తినిపించాలి."

"తెల్లటోపీ, గళ్ళ లుంగీనా?"

"అవును! మీకు తెలుసా?"

సల్మా చేతిలోని మిఠాయి కింద పెట్టేసింది.

"శుక్రవారం యెమెన్ వెళ్ళిపోయాడు. అక్కడైతే మాట్లాడే మనుషులుంటారట."

"మరి జురాంగ్‌లో ఇల్లు?"

"జురాంగ్‌లో ఇల్లెక్కడిది? ఈ క్లాసు పైన, మేడమీదే ఉండేవాడు," అంది సల్మా తల దించుకుని. "నా పిల్లల ముందు ఆ భాష వద్దని నేను నోరు మూయించాక, మా నాన్న నీతో మాట్లాడ్డానికే రోజూ అంత దూరం రైలెక్కేవాడు."