తాబేలు తాత పాత కంప్యూటర్

మా అడవిలో వరద హెచ్చరిక ప్రోగ్రాం రాసేది సాలీడు. ఎనిమిది కాళ్లతో టైపు చేస్తుంది కాబట్టి, తప్పులూ అంతే వేగంగా చేస్తుంది.

వానాకాలం ముందు అది కొత్త ప్రాసెసర్లకే తెలిసిన ఆదేశాలతో ప్రోగ్రాం తయారుచేసి, తన కొత్త కంప్యూటర్లో మాత్రమే పరీక్షించి అందరికీ పంపింది. దుప్పి కొత్త కంప్యూటర్లో అది పరుగులు తీసింది. వాగు ఒడ్డున తాబేలు పాత కంప్యూటర్ మాత్రం "ఈ ఆదేశం నాకు తెలియదు" అని ఆగిపోయింది.

"తాతా, ఆ డొక్కు పెట్టె మార్చరాదూ?" అంది దుప్పి. అది ఏడాదికోసారి కొమ్ములు మార్చినట్టే కంప్యూటరూ మారుస్తుంది.

"వాగు మట్టం కొలిచేది ఇదేరా అబ్బాయ్. ఇది మూగబోతే వరదొచ్చిందని నీకెవరు చెబుతారు?" అంది తాబేలు.

సాలీడు సిగ్గుపడి, అదే ప్రోగ్రాంను పాత ప్రాసెసర్ల కోసం మళ్లీ తయారుచేసింది. రెండింటినీ ఒకే మూటలో పెట్టింది. ఏ కంప్యూటరైనా తనకు అర్థమయ్యేదాన్ని తీసుకుంటుంది.

"ఒక్క ముసలాయన కోసం ఇంత శ్రమా?" అని దుప్పి ఆవలించింది.

వారం తిరక్కుండా వాగు పొంగింది. తాబేలు పెట్టె మూలుగుతూనే కబురు పంపింది. దుప్పి ఒడ్డున నిద్రపోతున్న తన కూనను లేపుకొని గట్టెక్కింది.

మర్నాడు దుప్పి వెళ్లి సాలీడు ముందు తల వంచి దండం పెట్టింది. కొమ్ము తగిలి చిరిగిన గూడును సాలీడు నవ్వుకుంటూ మళ్లీ అల్లుకుంది.

ఇప్పుడు దుప్పి రోజూ తాబేలుతో షికారుకు వెళుతుంది. అది తాతకన్నా ఒక్క అడుగు ముందుకు వేయగా మేమెవరమూ చూడలేదు.