ఇంకో రాజకుమారుడు

“మరొకడొచ్చాడు ప్రభూ,” అన్నాడు దళపతి బార్ద్, గుమ్మంలోనే నిలబడి.

ఎండుచేప మీద వెన్న రాసుకుంటున్న ఔడున్ రాజు కత్తిని బల్ల మీదకి విసిరికొట్టాడు. “మళ్ళీనా? ఈసారి ఏ దీవి నుంచి?”

“ఫారో దీవుల నుంచి. పేరు కోల్బెయిన్. పోయిన పెద్దరాజు హాల్వర్ద్ గారు ఓసారి తుఫాన్లో చిక్కుకుని ఆ రేవులో దిగారట. అప్పుడు వీళ్ళమ్మని...”

“చాలు, ఆపు! మా నాన్న ఓడెక్కింది యుద్ధాలు చెయ్యడానికా, రేవుకో కొడుకుని కనడానికా?”

పొయ్యి పక్కన కూర్చుని ఉన్ని వడుకుతున్న తల్లి, రాణి సిగ్ని, తల కూడా ఎత్తలేదు. “ముందు తిండి తిను నాయనా. ఓ ఆవునీ, మంచి కంబళీనీ ఇచ్చి పంపించెయ్. ఎప్పుడూ చేసేదేగా.”

“అలా ఇచ్చీ ఇచ్చీ కొట్టం ఖాళీ అయిందమ్మా! ఈ రాజ్యంలో నాకు ఆవులకన్నా తమ్ముళ్ళే ఎక్కువయ్యారు.”

ఈలోగా వచ్చినవాడు పిలవకుండానే లోపలికొచ్చేశాడు. పొడుగాటి మనిషి. గడ్డంలో సముద్రపు ఉప్పు ఎండి తెల్లగా మెరుస్తోంది. సీలుతోలు చెప్పుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొలువంతా ఓసారి కలయజూసి, తిన్నగా రాజు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“బాగున్నావా తమ్ముడూ?”

“ఎవడ్రా నీకు తమ్ముడు?”

“నీకన్నా రెండేళ్ళు పెద్దవాణ్ణి. తమ్ముడూ అనక ఏమనను?”

భటులు నవ్వాపుకోలేక పెదాలు కొరుక్కున్నారు. రాజు వాళ్ళకేసి ఉరిమి చూశాడు.

“సరే, ఎర్రావు కావాలా, నల్లావు కావాలా? తీసుకుని బయల్దేరు.”

“ఆవులు మా ఊళ్ళోనూ ఉన్నాయి. నాకు సగం రాజ్యం చాలు. రాజు కన్న కొడుకులందరికీ సమాన హక్కని మీ చట్టమే చెబుతోందిగా.”

“కొడుకువని రుజువేది?”

“నేనడిగితే బిషప్ గారు చర్చి ముంగిట్లో నాగటి కర్రులు కాలుస్తున్నారు. వాటి మీద నడుస్తాను.”

ఔడున్ అతన్ని ఎగాదిగా చూశాడు. ఇంతకు ముందొచ్చినవాళ్ళంతా అగ్నిపరీక్ష మాటెత్తగానే, ఇచ్చిన ఆవుని తోలుకుని సందె పడకముందే రేవు దాటినవాళ్ళే. వీడు తనంతట తనే అడుగుతున్నాడు. ఎర్రగా కాలిన కర్రుల మీద వట్టి కాళ్ళతో నడవాలి. తర్వాత కాళ్ళకి కట్టిన కట్టు విప్పేనాటికి అరికాళ్ళు మానితే చెప్పింది నిజం, చీము పడితే అబద్ధం. ఆ తీర్పు దేవుడిది. దానికి తిరుగులేదు.

కిటికీలోంచి చూశాడు. ముంగిట్లో పొగ లేస్తోంది. జాలర్లు, రైతులు, మెడలు చాచిన ఆడవాళ్ళు, ఊరంతా అక్కడే ఉంది. సామంతులు ఒకరి చెవిలో ఒకరు గొణుక్కుంటున్నారు. నిన్నటిదాకా తన పొయ్యి దగ్గర చలి కాచుకున్నవాళ్ళే, ఇవాళ ఎవరి పక్కకి జరగాలా అని చూస్తున్నారు. రాజుకి ఒళ్ళు మండింది.

“ఇక నా వల్ల కాదు!” అని అరుస్తూ లేచాడు. “ముద్ద నోట్లో పెట్టుకోబోయేసరికల్లా ఓ తమ్ముడు! కునుకు పట్టేసరికల్లా ఓ అన్న! వాడొక్కడే ఎందుకు, నేనూ నడుస్తాను. వాడిదో వరస, నాదో వరస. హాల్వర్ద్ కొడుకెవరో అందరి ముందూ తేలిపోవాలి. ఆ తర్వాత ‘తమ్ముడూ’ అంటూ ఈ గుమ్మం తొక్కినవాడికి ఆ కర్రే కాల్చి వాత పెడతాను!”

“అదీ రాజంటే!” అని బల్ల గుద్దాడు బార్ద్. ఆ మాట క్షణంలో బయటికి పాకింది. జనం హోరెత్తిపోయారు. కోల్బెయిన్ నవ్వుతూ చెప్పులు విప్పుకుని మంచులోకి దిగాడు.

ఔడున్ బల్లమీద కూలబడి బూటు లాగాడు. అది రాలేదు. “దీనికి కూడా ఇవాళే పంతమొచ్చిందీ!” అని తిట్టుకుంటూ ఇంకా గట్టిగా లాగాడు. ఇంతలో తల్లి వచ్చి కింద కూర్చుని అతని చేతులు పట్టుకుంది.

“బార్ద్, నువ్వు బయటికెళ్ళు,” అంది. దళపతి వెళ్ళాక గొంతు తగ్గించింది. “బూటు వేసుకో నాయనా. సగం రాజ్యం ఇచ్చెయ్యి.”

“సగం రాజ్యమా? ఆవునివ్వడానికే నా ప్రాణం గిలగిల్లాడుతుంటే! నీకు మతి గానీ పోయిందా అమ్మా?”

“నా మాట విను.”

“నా కాళ్ళు కాలతాయని భయమా? నాన్న పరువు పోతుందనా? ఆయన పరువు రేవుకో ముక్క చొప్పున ఎప్పుడో పోయింది!”

సిగ్ని సగం ఊడిన బూటుని మళ్ళీ అతని కాలికెక్కించి వార్లు బిగించడం మొదలుపెట్టింది.

“వాడు నాన్న కొడుకేనా? నీకేమైనా తెలుసా?”

“అతని సంగతి నాకు తెలీదు.”

“తెలీదు కదా! మరి నన్నెందుకాపుతావు? దేవుడు నిజం చెప్పడా?”

“చెబుతాడు నాయనా,” అందామె తల వంచుకునే. “అందుకే నిన్ను నడవొద్దంటున్నాను.”