చక్రాల ఇంట్లో హీటరు

"తమకి చలి వేస్తోందా అండీ?" అని అడిగాడు బాలశౌరి, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"నాకెందుకయ్యా చలి? నువ్వు ముందు బాగుచెయ్యి," అన్నాడు ప్లీడరు వెంకటసుబ్బారావు, విసనకర్ర ఆపకుండానే.

శ్రావణమాసం. ముసురు పట్టి విజయవాడంతా ఉడుకుతోంది. సూర్యారావుపేటలోని ఆ ఇంటి పెరట్లో చక్రాల మీద ఒక రేకుల ఇల్లు నిలబడి ఉంది. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి ఎవరో దొర ఓడలో తెప్పించుకున్నది. దొర వెళ్ళిపోతూ అమ్మేస్తే ఎండుచేపల అంకాలమ్మ కొనుక్కుని, ట్రాక్టరుకి కట్టించి తెచ్చి, అందులోనే కాపురం పెట్టింది. మంచం, బల్లతోబాటు గ్యాసుతో మండే హీటరు కూడా ఉంది అందులో. అది పాడై చాలా కాలమైంది. విజయవాడలో ఆ లోటు ఎవరికీ తెలిసిరాలేదు.

బాలశౌరి వన్ టౌన్‌లో పెట్రోమాక్స్ లైట్లూ గ్యాసు పొయ్యిలూ బాగుచేస్తాడు. ఇలాంటి హీటరు ముఖం చూడడం ఇదే మొదలు. ఆ సంగతి ప్లీడరుకి చెప్పలేదు.

ప్లీడరు గొంతు తగ్గించాడు. "ఆవిడ వచ్చి ఏళ్ళు గడుస్తున్నాయి. పొమ్మంటే పోదు. పొద్దున్నే నా ఆఫీసు కిటికీ ముందు నిలబడి పళ్ళు తోముకుంటుంది. నా క్లయింట్లని ఆపి, 'ఈయన మాట నమ్మకండి బాబూ' అంటుంది."

"కోర్టుకెళ్ళకపోయారా అండీ? తమ చేతిలో పనేగా."

"కోర్టులోనే ఉంది. ఇప్పట్లో తెమలదు."

"పోనీ పోలీసులు?"

"పోలీసులెందుకయ్యా మర్యాదస్తుల మధ్య! ఇదిగో, హీటరు వెలిగించాక తిప్పే నాబు ఊడదీసి నా చేతికియ్యి. ఇంక ఆరదు. లోపలున్న మనిషి బయటికి రావలసిందే."

"ఉడికిపోద్దేమోనండీ!"

"తలుపుందిగా. వస్తుంది, పోతుంది. అంతే."

బాలశౌరి హీటరు రేకు విప్పాడు. లోపల కందిరీగలు గ్యాసు వచ్చే సన్న బెజ్జం నిండా మట్టి మెత్తి హాయిగా సంసారం చేసుకుని పోయాయి. సూదితో పొడిచాడు. సైకిలు పంపుతో గాలి కొట్టాడు. లోపలున్న సిలిండరు నుంచి వచ్చే చిలుం పట్టిన గొట్టం మార్చి, సబ్బు నురగ రాసి ఎక్కడా గ్యాసు కారడం లేదని చూసుకున్నాడు.

అంతలో అంకాలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"ఏంది బాబూ, నా ఇంట్లో దూరావు?"

"వానాకాలం కదమ్మా, చలికి ఇబ్బంది పడతావని ప్లీడరుగారు హీటరు బాగుచేయిస్తున్నారు."

అంకాలమ్మ ప్లీడరు వంక చూసింది. ప్లీడరు బాదం చెట్టు వంక చూశాడు.

"ఎంత దయ! కానీ, కానీ," అంది ఆమె.

అగ్గిపుల్ల గీయగానే మంట ముందు పచ్చగా తుళ్ళి, తర్వాత నీలంగా నిలబడింది. బాలశౌరి నాబు ఊడదీసి ప్లీడరు చేతిలో పెట్టాడు. ప్లీడరు దాన్ని జేబులో వేసుకుని, ఈలపాట పాడుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికే రేకుల ఇల్లు కుంపటైంది. అంకాలమ్మ బయటికొచ్చి, కొంగుతో మెడ తుడుచుకుని, గంప వంక చూసింది. ముసురుకి సరుకు ఎండక, కుళ్ళిపోతుందేమోనని వారం రోజులుగా బెంగపడుతోంది. ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

"బాబూ, పోయేలోపు లోపల నాలుగు తాళ్ళు కట్టిపెట్టు."

బందరు నుంచి వచ్చిన చేపలు, సావిళ్ళూ నెత్తళ్ళూ, వరసగా తాళ్ళకెక్కాయి. ఒక్క కిటికీ తెరిచింది, ప్లీడరు ఆఫీసు వైపుది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుంది.

సాయంత్రానికి ప్లీడరు ముక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"తలుపు తియ్యి! హీటరు ఆపెయ్యాలి!" అంటూ నాబు ఊపాడు.

"తమరే కదండీ వేయించారు! పైగా లోపల నా సరుకుంది. తియ్యను."

"సిలిండరు అయిపోతే ఏం చేస్తావో చూస్తా!"

"బాలశౌరి ఇంకోటి తెస్తాడు. మాటయింది."

చేపలు బ్రహ్మాండంగా ఎండాయి. అంకాలమ్మ ప్లీడరుంటున్న ఇంటి వసారాలో చాప వేసుకుని పడుకుని, ఏ రోజు సరుకు ఆ రోజే మార్కెట్టుకి పంపింది. ప్లీడరు కోటుకీ ఫైళ్ళకీ నెత్తళ్ళ వాసన పట్టింది. కోర్టులో ఆయన వాదించడానికి లేస్తే జడ్జిగారు జేబురుమాలు తీశారు. క్లయింట్లు వీధి చివరి నుంచే నమస్కారం పెట్టి వెనక్కి తిరిగారు. ప్లీడరు భార్య పుట్టింటికి వెళ్ళి, వాసన పోయాక కబురు చెయ్యమంది.

బాలశౌరి రెండో సిలిండరు తెచ్చిన రోజున వీధిలో రెండెడ్ల బండి నిలబడి ఉంది. బీరువా, మంచాలు, లా పుస్తకాలు అందులోకి ఎక్కాయి. ప్లీడరు నాబు తీసి బాలశౌరి మొహాన విసిరి బండెక్కాడు.

బండి మలుపు తిరిగేదాకా బాలశౌరి తలెత్తలేదు. పాపం, ఆ పెద్దమనిషి ఉసురు తనకే తగులుతుందనిపించింది.

"ఎంత పని చేశావమ్మా! నాచేతే హీటరు వెలిగించి పెద్దమనిషిని కొంపలోంచి తరిమేశావు. రేపు పోలీసుల్ని వెంటబెట్టుకుని ఇంటికోసం తిరిగొస్తే ఏం చెబుతావు?"

అంకాలమ్మ వీధి తలుపు బార్లా తెరిచి, గంప తీసుకుపోయి నట్టింట్లో దించింది.

"ఆయన నాకు అద్దెకున్నోడు బాబూ."