పాస్టరు గారి రెండు గంటలు

"ఇంకొక్క స్పూను. అంతే," అన్నాడు పాస్టరు.

మంచం మీదున్న ఆమె పెదాలు బిగించింది. జావ గడ్డం మీదుగా కారి దుప్పటి మీద పడింది.

కాలేజీలో జీవశాస్త్రం చెప్పే ఆమె భర్త గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. ఆమెకు మతిమరుపు జబ్బు ముదిరినప్పటి నుంచీ అతనికి కంటినిండా నిద్ర లేదు. పాస్టరు రోజూ మూడింటికి వచ్చి అయిదింటి దాకా ఉంటాడు. ఆ రెండు గంటలే అతనికి కునుకు.

"వెళ్ళి పడుకోండి మాస్టారూ."

"పడుకుంటే మాత్రం నిద్ర రావద్దూ?" అంటూ కుర్చీ లాక్కున్నాడు. "ప్రేమంటే మెదడులో ఊరే రసాయనమని ముప్పై ఏళ్ళుగా పాఠం చెప్తున్నాను. ఈవిడ మెదడు ఎండిపోతోందని స్కానింగులో చూపించారు. ఇక నన్ను ప్రేమించడం ఈవిడ వల్ల కాదు. మీ దేవుడి లెక్కలో దీన్నేమంటారు?"

"మా లెక్కలో ప్రేమ మనసుకు కలిగేది కాదండీ, చేతులతో చేసేది. అవతలి మనిషి తిరిగి ఇవ్వకపోయినా సరే." పాస్టరు తడిగుడ్డతో ఆమె గడ్డం తుడిచాడు.

"మా సైన్సూ ఇంచుమించు అక్కడికే వస్తుంది. సాకగా సాకగా, సాకేవాళ్ళలోనే ఆ రసాయనం ఊరుతుందట. నాకైతే నడుంనొప్పి తప్ప ఏమీ ఊరడం లేదు."

"నేనూ ఇష్టంగా వస్తున్నాననుకోకండి. వీధి మలుపు దాకా వచ్చి, వెనక్కి పోదామనిపించిన రోజులున్నాయి."

"మరెందుకు రావడం? ఈవిడ చర్చి మొహం చూసి ఇరవై ఏళ్ళయింది. మిమ్మల్ని రమ్మన్నవాళ్ళూ లేరు."

పాస్టరు గిన్నె పక్కన పెట్టి దుప్పటి మార్చాడు.

"వయసులో ఉన్నప్పుడు దేవుడి ముందు ఒక మాటిచ్చాను. దాన్నుంచి ఎలా విడిపించుకోవాలో నాకు తెలియలేదు."

లెక్చరరు తల దించుకున్నాడు.

అయిదయింది. పాస్టరు చెప్పులేసుకుంటూ, "ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. అటైతేనే నిద్రపడుతుంది. రేపు ప్రార్థన కూటం ఉంది, కాస్త ఆలస్యమవుతుంది," అని వెళ్ళిపోయాడు.

తలుపు మూసిన చప్పుడుకి ఆమె కళ్ళు తెరిచింది. వారం తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"ఆయనెవరు?"

ఎప్పుడడిగినా 'పాస్టరు గారు' అని ఊరుకునేవాడు. ఇవాళ దాచే ఓపిక కూడా లేదు.

"నా కోసం నువ్వు వదిలేసి వచ్చిన నీ భర్త."