మేకల కొడవలి

“నాయనా, ఎంకటకృష్ణ మామ నన్ను తాకగూడని చోట తాకుతాండాడు.”

శ్వేత ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

రామసుబ్బయ్య మేకలకు కొమ్మలు కొట్టే కొడవలిని చూరులోంచి లాగాడు. బండెక్కి జమ్మలమడుగు దారి పట్టాడు. వెంకటకృష్ణ ఇల్లు అక్కడే, బస్టాండు వెనక.

“అయ్యో దేవుడా! నరికేస్తాడు! జైలుకు పోతాడు!” పద్మావతమ్మ గుండెలు బాదుకుంది.

ఇదిగో, ఈ భయంతోనే కదా శ్వేత ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నది! “చెప్పు చూద్దాం! మీ నాయన నన్ను నరుకుతాడు, ఉరికంబం ఎక్కుతాడు. అంతా నీ వల్లే” అని ఆ పాపిష్టివాడు బెదిరించేవాడు.

తల్లీకూతుళ్లు రోడ్డు మీదికి పరిగెత్తారు. వీధి చివర అన్సర్ ఆటో కనబడింది.

“అన్సరన్నా, తోలు! నాయన్ను ఆపాల!”

“గట్టిగా పట్టుకో పాపా!”

ఆటో గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. ముందు బండి జాడే లేదు. గొర్రెల మంద అడ్డమొస్తే అన్సర్ హారన్ మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

“ఎందుకు చెప్పినానమ్మా! గమ్మునుంటే పోయేది!” శ్వేత వెక్కివెక్కి ఏడ్చింది.

“థూ! ఆ మాట అనగాకు. చెప్పి మంచిపని చేసినావు. నా తోడబుట్టినోడైతే ఏంది, తప్పు వానిది!”

బస్టాండు దగ్గర ఆటో ఆగీ ఆగకముందే శ్వేత దూకి, టీ అంగడి ఆమెను అడిగింది.

“అక్కా, కొడవలి పట్టుకోని ఒకాయన ఇట్ల పోయినాడా?”

“ఆ సందులోకి పోయినాడు. ఇప్పుడే తిరిగొచ్చి పోలీస్ స్టేషన్లోకి పోయినాడు.”

ఈ సీమలో పని ముగించినవాడే కదా కొడవలితో స్టేషన్‌కు పోయేది!

శ్వేత పడుతూ లేస్తూ లోపలికి ఉరికింది. ఎస్సై మేడం బల్ల మీద కొడవలి ఉంది. ఎదురుగా నాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ల నిండా నీళ్లు. అయిపోయింది, అంతా అయిపోయింది!

“మేడం, వాని గడప దాకా పోయినా. నేను జైల్లో కూచుంటే రేపు కోర్టులో నా బిడ్డ పక్కన ఎవరు నిలబడతారని ఎనక్కొచ్చినా. కేసు తేలేదాకా ఈ కొడవలి మీకాడే పెట్టుకోండి, నేనడిగినా ఇయ్యొద్దండి!”